ఫ్రేము కట్టించిన బురద

మరిపెడ చుట్టుపక్కల ఎవరి పెండ్లి జరిగినా శ్రీపాల్ రెడ్డి ఒకటే కానుక ఇస్తాడు: ఫ్రేము కట్టించిన బురద.

బురద అన్నది మాటవరసకు కాదు. నిజంగా బురదే. ఏదో ఒక చెరువో, కుంటో, వాగో. దాని నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో ఆ అంచు. అంచు పక్కన నెర్రెలిచ్చిన నేల, అందులో బర్రె కాళ్ల గుంటలు. పువ్వు ఉండదు, పిట్ట ఉండదు, పొద్దుగూకే సూర్యుడు అసలే ఉండడు. ఫొటో తీసే వేళకు పొరపాటున కొంగ వచ్చి నిలబడితే, అది లేచిపోయేదాకా కూర్చుని తర్వాత తీస్తాడు. "కొంగను చూడనీకి కొంగ ఉన్నది. మనకు ఒడ్డు గావాలె" అంటాడు.

పెండ్లిలో కట్నాలు చదివే మైకు బిక్షం చేతిలో ఉంటుంది. మూడు జిల్లాల్లో బిక్షం గొంతు వినని పెండ్లి లేదు. "సర్పంచి గారు, ఫ్రిజ్ ఒకటి! మేనమామ గారు, బీరువా ఒకటి!" అని గొంతు చించుకునే మనిషి శ్రీపాల్ వంతు రాగానే ఒక్క క్షణం ఆగుతాడు. మైకులో గాలి ఈల వేస్తుంది. తర్వాత తలంబ్రాల కంటే గంభీరంగా వినిపిస్తుంది: "విత్తనాల దుకాణం శ్రీపాల్ రెడ్డి గారు... ఒడ్డు ఒకటి!"

పందిరంతా ఘొల్లుమంటుంది. పెండ్లికొడుకు స్నేహితులు ఈలలు వేస్తారు. శ్రీపాల్ మాత్రం ఎవరినో అంటున్నట్టు పోయి బంతిలో కూర్చుని, "బగారన్నం గిటు పట్టు తమ్మీ" అంటాడు.

ఆ ఫ్రేముల గతి గురించి ఊళ్లో చెప్పుకోని కథ లేదు. ఒకాయన కూలరు కింద ఎత్తుకు పెట్టాడట. ఒకాయన మామిడికాయ తొక్కు జాడీకి మూత చేశాడట. ఒక పెండ్లిలో అయ్యగారు దాన్ని చూసి, "ఎండిన చెరువు ఇచ్చుడంటే దీవెననా, శాపమా?" అని అడిగితే శ్రీపాల్, "ఎండలే పంతులూ, దిగింది. ఎండుడు వేరు, దిగుడు వేరు" అని పెండ్లి ఆపి మరీ వివరించబోయాడట. ఊరు ఆయనకు ఒక పేరు పెట్టింది. ఒడ్డు శ్రీపాలన్న.

ఆ బురదకు ఫ్రేము కట్టేది అనిత. మార్కెట్టు దారిలో ఆమెకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. తండాలో పుట్టి, అదే తండాలో శివాజీని పెండ్లాడి, పాడైపోయిన కెమెరా ఒకటి విప్పి మళ్లీ బిగించడంతో మొదలుపెట్టి, ఎవరూ నేర్పకుండానే పని పట్టుకున్న మనిషి. కబుర్లు చెప్పేవాళ్లంటే ఆమెకు గిట్టదు. ఫ్రేము మూల కలవకపోతే ఎన్ని మాటలు చెప్పినా ఆ సందు పూడదని ఆమె నమ్మకం. శ్రీపాల్ మీద ఆమెకు గౌరవం ఉండటానికీ కారణం అదే. ఆయన ఒడ్డు గీత ఎప్పుడూ వంకర పోదు.

గౌరవం ఉన్నంతమాత్రాన నోరు ఊరుకోదు కదా.

"అన్నా, లగ్గానికి ఇచ్చేది గిదా? కనీసం నీళ్లు నిండుగ ఉన్నప్పుడన్న తియ్యరాదా?"

"నిండుగున్న చెరువును అందరు చూస్తరు. మళ్ల నేనెందుకు?"

"మరి గీ బురదను ఎవరు చూస్తరు?"

"గోడ చూస్తది. నువ్వు మూలలు మంచిగ గొట్టు చెల్లె, ముచ్చట్లు తర్వాత."

శ్రీపాల్ వ్యాపారం విత్తనాలు. కానీ మనసంతా నీళ్ల అంచు మీదే. చేను చూసి వస్తానని పోయేవాడు చెరువు చూసి వచ్చేవాడు. మక్కజొన్న విత్తనాల సంచిలో కెమెరా వేసుకుని జనగామ కుంటల నుంచి భూపాలపల్లి దాటి గోదారి రేవుల దాకా తిరిగాడు. ఒకే ఒడ్డును ఎండాకాలం ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, ఏండ్ల తరబడి ఒకే చోట నిలబడి తీశాడు. చాయ్ హోటల్లో ఎవరైనా, "గా యేడు చెరువు నీళ్లు హనుమాండ్ల గుడి దాకా వచ్చినయ్" అంటే చాలు. చాయ్ గ్లాసు అక్కడే వదిలి ఇంటికి పోయి ఫొటో తెచ్చి బల్ల మీద కొట్టేవాడు. "యాడొచ్చినయ్? జూడు. గీ మొరం కుప్ప కాడనే ఆగినయ్. గుడికి పోయింది నువ్వు, నీళ్లు గాదు." విశ్వవిద్యాలయం పిల్లలు వచ్చి ఆయన్ని పరిశోధకుడు అన్నారు. ఆయన భార్య సుశీల మాత్రం, "పనిలేనోడు అంటే తక్కువైతదని గట్ల అంటున్నరు" అంది.

చివరికి హైదరాబాదులోని ఒక గ్రంథాలయం నుంచి విక్రమ్ అనే కుర్రాడు వచ్చాడు. మర్యాద తెలిసినవాడు, పని తెలిసినవాడు. ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా వెలుగుకు పెట్టి చూశాడు. "వీటిని చల్లని గదిలో, తేమ తగలకుండా దాచిపెడతాం సార్. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. వానాకాలం పోగానే బండి పంపిస్తాను" అన్నాడు.

"ఏసీల బురద పెడ్తరట!" అని శ్రీపాల్ ఊరంతా వెటకారం చేశాడు. ఆ వారమే దర్జీ దగ్గరికి పోయి కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. ఎందుకని సుశీల అడిగితే, "పాతది చినిగింది" అన్నాడు. పాతది చినగలేదు. సుశీల చూసింది.

బండి రాకముందే వాన వచ్చింది.

శ్రావణంలో పట్టిన వాన విడవలేదు. చెరువు అలుగు దుంకింది. దుంకిన నీళ్లు పాత దారిలో ఇండ్లు అడ్డం ఉండటంతో కొత్త దారి వెతుక్కుని, తెల్లారేసరికి శ్రీపాల్ ఇంటి గడప ఎక్కాయి. మామూలు మనిషైతే ముందు డబ్బాలు ఎత్తేవాడు. నెగెటివులు, ఫొటోలు అన్నీ విత్తనాల రేకు డబ్బాల్లో కింది అరలో ఉన్నాయి. శ్రీపాల్ కెమెరా ఎత్తాడు. నీళ్లు గోడ మీద ఎక్కడిదాకా వచ్చాయో సుద్దముక్కతో గీత గీసి, మోకాలి లోతులో వెనక్కి వెనక్కి నడిచాడు.

"సుశీలా, గా గీత పక్కపొంటి జర నిలబడు, కొలతకు."

"కొలతకా? గా డబ్బాలు తేలుతున్నయ్, ముందుగాల గవి పట్టు!"

"డబ్బాలు యాడికి పోతయ్? ఇన్నేండ్లు నేను ఒడ్డు కాడికి వోయిన. ఇయ్యాల ఒడ్డే మనింటికి వచ్చింది. మర్యాద జెయ్యాలె గదా!"

సుశీల చీపురు పట్టుకుని నిలబడింది. ఆ ఫొటోలో ఆమె మొహం చూసినవాళ్లు ఆమె పట్టుకున్నది చీపురు కాదు, గండ్రగొడ్డలి అంటారు.

మర్యాదలు అయ్యేసరికి డబ్బాల మూతలు ఊడి నీళ్లు లోపలికి పోయాయి. అయినా అప్పటికీ మించిపోయింది లేదు. నీళ్లలో తడిసిన నెగెటివును ఆరనీయకుండా శుభ్రమైన నీళ్లలోనే ఉంచి, ఒక్కొక్కటీ మెల్లగా విడదీస్తే చాలావరకు బతుకుతుంది. ఆ సంగతి తెలిసిన అనిత తండా దారి మునిగిపోయి రెండో రోజుకు గాని రాలేకపోయింది.

ఈలోపు మరిపెడ తన వంతు సాయం చేసింది.

అది మిర్చి పండే నేల. తడిసిన కల్లం ఎంత నష్టమో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. తడిసిన వస్తువు కంటపడితే అక్కడి మనుషుల చేతులు ఊరుకోవు. నీళ్లు దిగగానే ఎండ కాసింది. వాడకట్టంతా కదిలి వచ్చింది. పెద్ద టార్పాలిన్ పరిచారు. డబ్బాల్లోని ఫొటోలు, నెగెటివులు కుప్పలుగా బోర్లించి, మిరపకాయలు నెరిపినట్టు పలచగా నెరిపారు. గంటకోసారి కట్టెతో తిరగేశారు. కోళ్లు రాకుండా సమ్మక్క అవ్వ గొడుగు కింద కూర్చుని కాపలా కాసింది.

అనిత వచ్చేసరికి అవన్నీ అప్పడాల్లా చుట్టుకుపోయి, ఒకదానికొకటి అతుక్కుని, ఎండలో గలగలలాడుతున్నాయి.

"ఎవరు... ఎవరు ఎండబెట్టిన్రు గిట్ల?"

"మేమే బిడ్డా!" అంది సమ్మక్క అవ్వ, నోరంతా తెరిచి నవ్వుతూ. "ఒక్కటంటె ఒక్కటి కోడి ముట్టలే!"

ఆ నవ్వు మొహం మీద ఎవరు మాత్రం ఏమనగలరు? శ్రీపాల్ వంగి ఒక చుట్ట తీశాడు. విప్పబోతే ఫట్‌మని రెండు ముక్కలైంది. విత్తనం చూసినట్టు దాన్ని వేళ్ల మధ్య నలిపి, చెవి దగ్గర పెట్టుకుని, "మంచిగ ఎండినయ్ అవ్వా. తేమ లేదు" అన్నాడు. ఇంట్లోకి పోయాడు. విక్రమ్‌కు ఫోన్ చేసి బండి వద్దన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన ఒడ్డు మాట ఎత్తలేదు. దుకాణంలో కూర్చుని సంచులు తూచేవాడు. ఇంతకాలం ఆయన నసకు పారిపోయిన చాయ్ హోటల్‌కు ఇప్పుడు చాయ్ చప్పగా అనిపించింది. ఆయన్ని రెచ్చగొట్టడానికి కావాలని అబద్ధాలు మొదలుపెట్టారు. "గా యేడు నీళ్లు బస్టాండు దాకా వచ్చినయ్" అన్నాడొకడు. శ్రీపాల్ చాయ్ ఊదుకుంటూ కూర్చున్నాడు. "బస్సుల టికెట్ గూడ తీసుకున్నయ్" అన్నాడింకొకడు. "వచ్చినయేమో తమ్మీ" అని లేచి పోయాడు. అప్పుడు మాత్రం హోటల్లో అందరికీ భయం వేసింది.

పైగా మేనల్లుడి వరసయ్యే సాకేత్‌కు పెండ్లి కుదిరితే, లగ్గం ఇంకా దూరం ఉండగానే సుశీలను పంపి స్టీలు గిన్నెల సెట్టు తెప్పించాడు.

ఆ గిన్నెల సెట్టు చూశాక అనితకు తిక్క రేగింది. అప్పుడే తట్టింది: డబ్బాల్లోవి పోతే పోనీ, ఇన్నేండ్లు తన చేత్తో కట్టిన ఫ్రేములు ఏమయ్యాయి? మూడు జిల్లాల గోడల మీద, బీరువాల వెనక, కూలర్ల కింద చెరువులన్నీ పడి ఉన్నాయి కదా! వెంటనే బిక్షానికి ఫోన్ చేసింది.

"బిక్షమన్నా, ఒడ్డు ఎవరెవరికి చదివినవో యాదికున్నదా?"

"ఎట్ల మరుస్త చెల్లె? ఫ్రిజ్‌లు మరుస్త, బీరువాలు మరుస్త. మనిషి జన్మల ఒడ్డు చదివెటోడు నేనొక్కణ్నే."

మరునాడే శివాజీ ట్రాలీ ఆటోలో బయలుదేరారు. ఫ్రేములన్నీ అడిగి తీసుకోవాలి, ఇష్టంలేని కానుక ఎవరు కాదంటారు, సాయంత్రానికి బండి నిండుతుంది. అదీ అనిత లెక్క.

మొదటి ఇల్లు పెద్దవంగరలో ఉప్పలయ్యది. ఆయన సంగతి వినగానే పండుగ చేసుకున్నాడు.

"ఒడ్డా? తీస్కపో చెల్లె, సల్లగుంటవ్. నేనైతే గది ఇసుక లారీ పోయినంక తీసిన ఫొటో అనుకున్న. మా ఆమె దానికి రోజు దుమ్ము దులుపుతది. దుమ్ము ఫొటోకు దుమ్ము దులుపుడేందో!"

స్టూలు ఎక్కి చెయ్యి చాచాడు. వంటింట్లోంచి పప్పుగుత్తితో పుష్పమ్మ వచ్చింది.

"ఏయ్! దిగు!"

"ఏమైందే?"

"దిగుమన్న. దాని మీద చెయ్యి పడ్డదంటే ఇయ్యాల పొయ్యి అంటుకోదు."

ఉప్పలయ్య దిగాడు. పుష్పమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని అనిత పక్కన నిలబడి వేలు పెట్టి చూపించింది. "గిది మా గోదారి, అనితా. మహదేవపూర్ దిక్కు మా ఊరి రేవు. గీ బండ చూసినవా? మా అవ్వ గిక్కడనే బట్టలు పిండేది. గీ బండ మీదనే జారిపడి గీ పన్ను ఇరగ్గొట్టుకున్న."

ఉప్పలయ్య బండ వంక, భార్య పన్ను వంక మార్చి మార్చి చూశాడు. "గా పన్ను పుట్టుకతోనే గట్లున్నదనుకున్న గదనే!"

"ఏనాడన్న అడిగినవా?"

అనిత అడిగింది: "మీ ఊరిదని శ్రీపాలన్న నీకు చెప్పిండా అక్కా?"

"గాయన ఏం చెప్తడు? ఇచ్చిండు, పోయి బువ్వ తిన్నడు. అప్పగింతలప్పుడు అందరు ఏడుస్తుంటె నేను కాయితం చింపి చూసిన. మా రేవు! ఫక్కున నవ్వొచ్చింది. మా అత్త, 'బురదను జూసి నవ్వుతున్నది, పిల్లకేమన్న గాలి సోకిందా' అని భయపడ్డది. తీస్కపోనియ్య. గావాలంటె గోడ మీదనే ఫొటో గుంజుకో."

గోడ మీది ఫొటోను ఫొటో తీయడం మాటలు కాదు. అద్దంలో కిటికీ కనిపిస్తుంది, ట్యూబులైటు కనిపిస్తుంది, తీసేవాళ్ల మొహం కనిపిస్తుంది. అద్దం ఊడదీద్దామని అనిత సన్నని బ్లేడు తీసింది. చూస్తే తేమకు ఫొటో అద్దానికి అతుక్కుని ఉంది. ఫొటో ఎంత సైజులో కావాలో అడగడానికి గ్రంథాలయం విక్రమ్‌కు ఫోన్ చేసి, మాటల్లో ఆ సంగతి చెప్పింది.

"ఆగండి అక్కా, ఆగండి!" అని అటునుంచి అతను అరిచాడు. "పీకితే బొమ్మ అద్దంతో పాటే వచ్చేస్తుంది. అద్దం మీదుగానే తీయండి. మీ వెనక నల్లటి గుడ్డ కట్టుకోండి, లైట్లు రెండు పక్కల నుంచి ఏటవాలుగా పెట్టండి."

పని తెలిసిన మాట ఏదో, ఉత్త మాట ఏదో అనితకు చెవిలో పడగానే తెలుస్తుంది. బ్లేడు మడిచి జేబులో వేసుకుంది. గొడుగు బట్ట చింపి నల్లగుడ్డ కట్టింది. శివాజీ ఒక లైటు, ఉప్పలయ్య ఒక లైటు పట్టుకున్నారు. పుష్పమ్మ పప్పుగుత్తి పట్టుకుని అందరినీ కాపలా కాసింది. ఫొటోలో ఇసుక రేణువు కూడా తేటగా పడింది.

సరే, ఒక ఇంట్లో అలా జరిగింది అనుకుంది అనిత. రెండో ఇల్లు రేగొండ దగ్గరి తండాలో నీలిది. అక్కడ ఒడ్డు పొయ్యికి ఎదురుగా గోడ మీద ఉంది. పొగకు సగం నల్లబడింది. నీలి మొగుడు పూల్‌సింగ్ మొర మొదలుపెట్టాడు.

"తీస్కపో అక్కా, నీ కాళ్లు మొక్కుత. అందరి పెండ్లాలు కొట్లాడితే పుట్టింటికి పోతరు. బస్సు కిరాయన్న అయితది, జర నిమ్మళమన్న దొరుకుతది. గీమె ఏడికి పోదు! గా బురద దిక్కు తిరిగి కూసుంటది. అంటె పుట్టింటికి పోయినట్టేనట! బువ్వ పెట్టు అంటె, 'నేను ఇంట్ల లేను' అంటది!"

నీలి అతన్ని పట్టించుకోకుండా అనితతో తమ లంబాడీ మాటలో మాట్లాడింది. ఆ ఫొటో మరిపెడ దగ్గర ఆమె పుట్టిన తండా కుంట. ఇప్పుడు ఆ కుంట లేదు. పూడ్చి ప్లాట్లు చేశారు. అనిత రోజూ ఆ ప్లాట్ల పక్క నుంచే దుకాణానికి పోతుంది. ఫ్రేము కట్టిన రోజున కూడా, ఇది ఏ కుంట అని ఆమెకు తట్టలేదు. మూలలే చూసింది గాని బొమ్మ చూడలేదు.

"ఇయ్యవా మరి?" అంది అనిత, జవాబు తెలిసే.

"ఇస్తె నేను అలిగినప్పుడు ఏడికి పోవాలె?" అంది నీలి.

జనగామలో ఒకామె బీరువా తలుపు లోపల పెట్టుకుంది, చీర తీసినప్పుడల్లా తనకొక్కదానికే కనబడేటట్టు. ఒకామె ఫొటోలో లేని తుమ్మచెట్టు ఎక్కడ ఉండేదో చెబుతూ అనితను గంటసేపు కూర్చోబెట్టింది. కూలరు కింద పెట్టారన్న ఇంట్లో కూలరు కింద ఉన్నది ఖాళీ ఫ్రేము. లోపలి బొమ్మను కోడలు ఎప్పుడో తీసేసి భద్రంగా దాచుకుంది. తొక్కు జాడీ మీద ఉన్నది మాత్రం నిజంగానే ఒడ్డు. ఆ ఇంటి ఆమె, "రోజుకు రెండుసార్లు తొక్కు తీస్త. రెండుసార్లు మా ఊరు చూస్త. గోడ మీద పెడితె ఎవరు చూస్తరు, మెడ నొయ్యదా?" అని తిట్టింది. ఏ ఇంట్లోనూ మగవాళ్లకు అది ఎక్కడిదో తెలియదు. ఏ ఇంట్లోనూ ఆడవాళ్లు ఫ్రేము ఇవ్వలేదు. మూడో రోజు సాయంత్రానికి కూడా బండిలో నల్లగుడ్డ, లైట్లు తప్ప ఏమీ లేవు.

తిరుగుదారిలో అనిత ఉన్నట్టుండి, "మన లగ్గానికి శ్రీపాలన్న ఏమిచ్చిండో యాదికున్నదా?" అంది.

"స్టీలు బిందె," అన్నాడు శివాజీ. "మంచోళ్లమని మనల్ని ఒడ్డు నుంచి తప్పించిండు."

"మంచోళ్లమని గాదు. నాది గదే తండా, నీది గదే తండా. గీ వాకిట్ల నుంచి గా వాకిట్లకు పోయిన. నాకెందుకు ఒడ్డు?"

శివాజీ గేరు మార్చి, "అయితె గా అన్న పెండ్లి పత్రిక రాంగనే..." అన్నాడు.

"పిల్లది ఏ ఊరో చూస్తడు. పెండ్లిలోపు గా ఊరికి పోయి బురద తెస్తడు."

నేరుగా శ్రీపాల్ ఇంటికే పోయారు. ఆయన గుమ్మంలో కూర్చుని సంచులకు దారం కుడుతున్నాడు. అనిత చుట్టూ తిప్పకుండా అడిగేసింది.

"ఎందుకు చెప్పలే అన్నా? ఊరంతా నవ్వుతుంటె ఇన్నేండ్లు ఎందుకు ఊకున్నవ్?"

"దేని గురించి?"

"పుష్పమ్మక్క పన్ను గురించి!"

శ్రీపాల్ దారం ముడి వేయడంలో చాలా శ్రద్ధ చూపించాడు. లోపలి నుంచి సుశీల బయటికి వచ్చింది. "గాయన చెప్పడు, నేను చెప్త. నేను నర్మెట్ట నుంచి వచ్చిన కొత్తల ఇంట్ల ఒకటే ఏడుపు. గీయన బండేసుకుని పోయి మా చెరువు ఫొటో తీసుకొచ్చిండు. గప్పటికి కెమెరా పట్టుడు రాదు. సగం బురద, సగం గీయన బొటనవేలు. గది చూసి నవ్వితె ఇగ ఏడుపు రాలే. గప్పటి సంది గీయన బురద ఒక మందు అనుకున్నడు."

"మంచిపనేనాయె! చెప్పి ఇయ్యరాదా?" అంది అనిత.

అప్పుడు శ్రీపాల్ తలెత్తాడు. విత్తనం గురించి తెలియని రైతుకు చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. "పుట్టింటి బొమ్మ అని చెప్పి ఇస్తె, అత్తగారింట్ల గది వారం గూడ గోడ మీద ఉండదు చెల్లె. 'ఇంకా తల్లిగారింటి మీదనే పానమా' అని తీసి పారేస్తరు. బురద అనుకో, ఎవరికి గుస్స రాదు. నవ్వుకుంటరు, ఊకుంటరు. నవ్వితె నన్ను నవ్వుతరు, పిల్లను ఏమనరు."

అంత పొడుగు మాట ఆయన ఒడ్డు గురించి తప్ప వేరే దేని గురించీ మాట్లాడి ఎరుగడు. అనిత మాటకు మాటగా పని చూపించింది. కెమెరా తెరిచి గోదారి రేవు ఫొటో ఆయన ముందు పెట్టింది. శ్రీపాల్ కళ్లజోడు సర్దుకున్నాడు. వేలితో పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు.

"గీ ఏటవాలు లైటు ఎవరు పెట్టిన్రు?"

"ఉప్పలయ్య."

"జర కిందికి పెట్టినట్టుండు. గా కుడి మూలకు నీడ పడ్డది. మళ్ల పోవాలె." లేచి చెప్పులు వేసుకున్నాడు. "నేనొస్త నడువు."

ఆ తర్వాత వానాకాలం మిగిలినన్ని రోజులూ శివాజీ ట్రాలీ ఆటోకు సుఖం లేదు. శ్రీపాల్ లైటు పట్టుకునేవాడు, తిట్టేవాడు, మళ్లీ తీయించేవాడు. వెళ్లిన ప్రతి ఇంట్లో ఆడవాళ్లు ఆయనకు చాయ్ ఇచ్చి, అది ఏ రేవు, ఏ తూము, ఎవరి బండ అని చెబుతుంటే, ఆయనకు ముందే తెలిసిన సంగతులను కూడా కొత్తగా విన్నట్టు వినేవాడు. మగవాళ్లు మాత్రం పక్కన నిలబడి తమ ఇంట్లో ఇంతకాలం ఇంకో ఊరు ఉందని ఆశ్చర్యపోయేవాళ్లు. డబ్బాల్లో పోయినవన్నీ తిరిగి రాలేదు. కానీ విక్రమ్ చూసి, "సార్, ఇవి చాలు. ఇవి ఉంటే మీ పని ఉన్నట్టే" అన్నాడు. అయితే అతని గ్రంథాలయంలో ఒక పద్ధతి ఉంది. ప్రతి ఫొటోకూ అసలు ప్రతి ఎక్కడుందో రాయాలి. అలా ఒక పెద్ద గ్రంథాలయం వివరాల్లో 'పుష్పమ్మ గారి టీవీ పైన, పెద్దవంగర', 'పొయ్యి ఎదురుగా, నీలి అలిగినప్పుడు కూర్చునే చోటు', 'తొక్కు జాడీ మూత' అని ఎక్కాయి. మార్చమని పైవాళ్లు అడిగారట. విక్రమ్ మార్చలేదు.

అంతా హార్డ్ డిస్కులో ఎక్కించి అప్పజెప్పడానికి శ్రీపాల్, అనిత హైదరాబాదు పోయారు. ఆయన కొత్త చొక్కా వేసుకున్నాడు. వానాకాలం పోతూ పోతూ ముందురోజే నగరాన్ని మరోసారి ముంచి పోయింది. ఏసీ గది చూసి, "మా బురదకు సలి పెడ్తదేమో" అని గొణిగి, గుమ్మం దాటాక ఆగి మళ్లీ ఒకసారి వెనక్కి చూశాడు.

బస్సుకు పోతుంటే ఆటో ఆపించి డ్రైవరుకు ఒక చిరునామా చెప్పాడు. ఒక అపార్టుమెంటు. గేటు దగ్గర దిగి తిన్నగా సెల్లారు వాలు దగ్గరికి నడిచాడు. లోపల మోకాలి లోతు నీళ్లు. అందులో ఒక సైకిలు, ఒక చెప్పు, ఎవరిదో బకెట్టు. వాచ్‌మన్ నీళ్లు తోడే మోటరుకు పైపు బిగిస్తున్నాడు. శ్రీపాల్ విత్తనాల సంచిలోంచి కెమెరా తీశాడు.

"అన్నా, ఏం జేస్తున్నవ్?" అంది అనిత.

"మేనల్లుడు సాకేత్ లగ్గం ఉన్నది గదా. పిల్ల పేరు శ్రేయ. గీ బిల్డింగులనే పుట్టి పెరిగింది. చెరువు లేదు, కుంట లేదు. ఫోన్ జేసి వాళ్లమ్మను అడిగిన. వానొస్తె గీడనే కాయితం పడవలు ఇడిసిపెట్టేదట."

"స్టీలు గిన్నెలు కొన్నవు గదా!"

"గవి మీ వదిన వాడుకుంటది."

"అన్నా, గిది ఒడ్డు గాదు, సెల్లారు."

"నీళ్లు యాడ ఆగుతయో గదే ఒడ్డు చెల్లె. జర గా బకెట్ పక్కకు జరుపు."

కొత్త చొక్కాతోనే వాలు మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు. నీళ్ల అంచుకూ కంటికీ మధ్య గీత సరిచూసుకున్నాడు. అప్పుడే వెనక మోటరు గుర్రుమంది. పైపు ఉబ్బింది. అంచు కళ్లముందే వేలెడు వెనక్కి జారింది. శ్రీపాల్ కెమెరా లోంచి కన్ను తీయకుండానే ఒక చెయ్యి గాల్లోకి లేపి, అపార్టుమెంటు మూడంతస్తులకూ వినిపించేలా కేక వేశాడు:

"మోటరు ఆపు తమ్మీ, నీకు పుణ్యముంటది! పిల్ల పుట్టిల్లు ఎండిపోతున్నది!"